ఆరని పడవ

పొద్దున లేవగానే యెర్కో మామయ్య కాఫీ కూడా తాగకుండా షెడ్డులోకి వెళ్తాడు. నిన్న పూత వేసిన చెక్కకు చిటికెన వేలి వెనకవైపు ఆనిస్తాడు, వంగి వాసన చూస్తాడు, లోకం బరువంతా తన నడుం మీదే పెట్టినట్టు నిట్టూరుస్తాడు.

"ఇంకా ఆరలేదు."

మా దీవిలో ఈ మాట వినని మనిషి లేడు. మా వీధిలోని పెరీనా తన కొడుకు కోసం చేయించిన ఉయ్యాల తొట్టిని చివరికి ఆ కొడుకే నడిచొచ్చి ఇంటికి మోసుకెళ్లాడు. చర్చి బెంచీలకు మామయ్య నూనె పట్టించిన ఏడాది ఊరు ఊరంతా ఈస్టర్ ప్రార్థన నిలబడే చేసింది.

"క్రీస్తు ప్రభువు సమాధిలోంచి లేవడానికే మూడు రోజులు సరిపోయాయి కదయ్యా యెర్కో! నీ బెంచీలకు చాలవా?" అన్నారు ఫాదర్.

"ఆయనకు వార్నిష్ వేయలేదు కదా ఫాదర్," అన్నాడు మామయ్య.

ఎగతాళిగా కాదు, నీరసంగా. ఆయన గొంతు ఎప్పుడూ అంతే, తొందరపడే మనుషులను చూసి చూసి అలసిపోయినట్టుంటుంది. పెళ్లి సంగతేమిట్రా అని మా అమ్మ అడిగితే, "ఆలోచన ఇంకా ఆరలేదక్కా" అనేవాడు. ఆ ఆలోచనకు ఇప్పుడు అరవై దాటాయి.

ఆయన శాస్త్రం చిన్నదే. ముందు అవిసె నూనె, గుడ్డతో పల్చగా. చెక్క తాగినంత తాగాక మిగిలింది తుడిచెయ్యాలి. అది నిజంగా ఆరాలి. ఆ తర్వాతే వార్నిష్. అదీ ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ వార్నిష్. పచ్చి నూనె మీద వార్నిష్ పూసేవాణ్ణి మాత్రం దొంగకన్నా హీనంగా చూసేవాడు. "లోపల నూనెకు గాలాడదు, పైన వార్నిష్ గట్టిపడదు. ఎన్నాళ్లయినా బంకే! అది పూత కాదు, పాపం."

జదర్ పట్నంలో ఎమ్మే చదివే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడల్లా నేను ఆ షెడ్డులోనే ఓ మూల కూర్చుని చదువుకునేదాన్ని. అక్కడైతే ఎవరూ నన్ను పలకరించరు.

రెండేళ్ల కిందట చలికాలంలో లోవ్రేకి గుండెపోటు వచ్చింది. ఈ లోవ్రే మా మామయ్యకు చిన్ననాటి స్నేహితుడు, చేపలు పట్టి బతికినవాడు. ఏడాదిపాటు వలలు లాగొద్దనీ, ఒంటరిగా సముద్రం మీదికి అసలే పోవద్దనీ స్ప్లిట్ పట్నంలో డాక్టరు చెప్పి పంపాడు. వసంతం రాగానే లోవ్రే తన పడవను లాగించుకొచ్చి మా షెడ్డు ముందు పెట్టించాడు.

"ఒరేయ్ యెర్కో, గబగబా పూత పూసెయ్. సార్డీన్ చేపలొచ్చే లోపు నీళ్లలో ఉండాలి."

"డాక్టరేమన్నాడు?"

"ఆ డాక్టరు సముద్రమే లేని జాగ్రెబ్ వాడురా. చేపలు డబ్బాల్లోనే పుడతాయనుకుంటాడు."

వెనకాలే వచ్చిన ఆయన భార్య దింకా కళ్లొత్తుకుంది. "నా మాట వినడు అన్నయ్యా. పడవ నీళ్లలో ఉంటే ఈయన ఒడ్డున ఉండడు."

మామయ్య దింకా వంక ఒకసారి, పడవ వంక ఒకసారి చూశాడు. ఆ సాయంత్రం పడవకంతా నూనె దట్టంగా పట్టించాడు. తుడవలేదు. చెక్క ఇంకా తడిగా మెరుస్తుండగానే వార్నిష్ డబ్బా మూత తీసి కుంచె ముంచాడు.

"మామయ్యా! నూనె పచ్చిగా ఉంది!"

"నువ్వు నీ పుస్తకం చూసుకోవే."

మే వచ్చింది, జూన్ పోయింది. పడవ ఆరలేదు. లోవ్రే రోజూ వచ్చి తిట్టిపోయేవాడు. ఒకనాడు ఓపిక నశించి పడవెక్కి అడ్డబల్ల మీద కూర్చున్నాడు. లేవబోతే బల్ల వదల్లేదు. దింకా ఇంకో ప్యాంటు తెచ్చేదాకా మేమంతా అటు తిరిగి నిలబడ్డాం.

ఊళ్లో నవ్వులే నవ్వులు. "యెర్కోకి చెయ్యి తప్పిందిరా," అన్నాడు కాఫీ హోటల్ జూరే. తన కిటికీల పని పొరుగూరి వాడికి ఇచ్చేశాడు కూడా. పూతంటే ప్రాణం పెట్టే మామయ్య ఆ మాట విని, "అవును, కన్ను ఆనడం లేదు," అని ఒప్పుకుని, ఎప్పటిలాగే వైన్‌లో నీళ్లు కలుపుకుని తాగాడు.

ఆయన కావాలనే చేశాడని నాకొక్కదానికే తెలుసు. ఆగస్టులో ఒకరోజు ఇక ఉండబట్టలేక, షెడ్డు ముందు పడవ దగ్గర నిలబడ్డ లోవ్రే దగ్గరికెళ్లాను. 

"లోవ్రే బాబాయ్, ఆ పడవ... ఆ నూనె..."

"తెలుసులేవే," అన్నాడు. "మొదటి రోజే వాసన పట్టాను. యెర్కో పూత బంకగా మిగలడమేమిటి, నా మొహం!"

"మరి రోజూ వచ్చి తిడతారెందుకు?"

"తిట్టకపోతే నాకు తెలిసిపోయిందని వాడికి తెలిసిపోతుంది. సిగ్గుతో చస్తాడు పిచ్చివెధవ." మోకాలు రుద్దుకుంటూ అన్నాడు, "పైగా ఈ వంకన రోజూ మా ఇంటి దగ్గర్నుంచి కొండ దిగి ఎక్కుతున్నాను. ఆ జాగ్రెబ్ వాడు నడవమన్నాడుగా."

ఇంతలో మామయ్య షెడ్డులోంచి బయటికి వచ్చాడు. లోవ్రే ఉలిక్కిపడి గొంతు పెంచాడు. "ఏరా పనికిమాలినోడా! నేను పోయాక ఆరుతుందా నీ వార్నిష్?"

"అంత తొందరెందుకురా," అన్నాడు మామయ్య.

ఆ చలికాలమంతా మామయ్య ఆ బంకనంతా గీకి, చెక్క కనబడేదాకా తీసి, మళ్లీ మొదటినుంచి పద్ధతిగా పూతలు వేశాడు. నడుం పట్టేసింది. వసంతంలో డాక్టరు, తోడు ఎవరైనా ఉంటే లోవ్రే సముద్రం మీదికి వెళ్లొచ్చన్నాడు.

ఇప్పుడు శనివారాలు తెల్లవారకముందే ఇద్దరూ పడవలో వెళ్తారు. మామయ్యకు ఈత రాదు. అలలు చూస్తే వాంతులు.