మేస్త్రి ఎంచుకున్న తుపాకి

ఒమన్‌లోని బహ్లాలో మా రూమ్‌లో ఉండే కడప మేస్త్రి తలుపు తీసే ముందు రెండు వేళ్లతో మెల్లిగా తట్టేవాడు. తాళంచెవి తన జేబులోనే ఉన్నా అంతే. డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాళ్లు ఉలిక్కిపడకూడదని. అంత మెత్తటి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

అలాంటివాడికి తుపాకి పిచ్చి పట్టింది. ఊళ్లో వాళ్లది తోటలో ఒంటరి ఇల్లట, పక్క తోటలో దొంగలు పడ్డారట. లీవుకెళ్లినప్పుడు లైసెన్సుకు అర్జీ పెడతానని, శుక్రవారమంతా ఫోన్లో తుపాకులే చూసేవాడు. మోజు డబుల్ బ్యారెల్ మీద, స్తోమత సింగిల్ బ్యారెల్‌కి. "ఆడమనిషి ఎత్తగలగాల, భుజం అదరగూడదు" అంటూ నా చేతికి పార ఇచ్చి భుజానికి ఆనించమనేవాడు.

చివరికి ఒకటి తేల్చుకున్నాడు. చవకది, తేలికది. ఆ సంతోషం అందరం వినాలని, మేం అన్నాలు తింటుంటే భార్యకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"తుపాకి చూసినా మే. ఇంక నీకు ఏ బయమూ లేదు."

ఆమె నిదానంగా అంది.

"దొంగలొచ్చి నేను కేకేస్తే పక్క తోటోళ్లు వస్తారు. నువ్వు తాగొచ్చి కొట్టేటప్పుడు ఎవురూ రారు. తుపాకి ఇంట్లోకి తెస్తే, పిల్లోళ్లను తీసుకోని నేను పోతా."

ఇక్కడ ఆయన చాయ్ తప్ప ఏదీ ముట్టగా మేం చూడలేదు. మా చేతుల్లో ముద్దలు అలాగే ఉండిపోయాయి.

మర్నాడు సాయంత్రం తలుపు మీద అదే రెండు వేళ్ల చప్పుడు, ఎప్పటిలాగే మెల్లిగా. రూమ్‌లో అందరం ఉలిక్కిపడ్డాం.