సారమ్మ చింపనియ్యని కాగితం

సూది వేసే ముందు సారమ్మ ప్రతి తల్లినీ ఒకే మాట అడిగేది. "బిడ్డ పేరేంది?" నాలుగు రోజులుగా తను చూస్తున్న బిడ్డైనా అడిగేది. కొందరు తల్లులు నవ్వేవాళ్లు, కొందరు విసుక్కునేవాళ్లు. సూది అయ్యాక మందు సీసా మీద నుంచి ఊడదీసిన రేకుమూతను తల్లి చేతిలో పెట్టేది.

"దాసిపెట్టుకో. ఎన్ని సూదులైనయో నువ్వు గూడ యాది పెట్టుకోవాలె. నా ఒక్కదాని మీద భారమేసి కూసోకు."

ఆమెది జనగామ. తండ్రి ఆగయ్య రైలు పట్టాల మీద గ్యాంగుమనిషి. ఆమె వరంగల్‌లో నర్సు చదువు చదువుతుండగా అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం వచ్చింది. లాఠీ దెబ్బలు తిన్న పిల్లలు హాస్టల్ గోడ పక్కన కూర్చుంటే, బయటికి పోవద్దని వార్డెనమ్మ గేటుకు తాళం వేసిందట. సారమ్మ గుడ్డపేలికలు, అయోడిన్ సీసా కొంగున కట్టుకుని గోడ దిగింది. పరీక్షకు కూర్చోనివ్వనని వార్డెనమ్మ బెదిరించింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా సారమ్మ నవ్వేది.

"ఆ ఏడు పరీక్షలే జరగకపాయె. ఇగ నన్నేం ఆపుతది?"

నేను ఆమెను మొదటిసారి చూసింది ఎనభై మూడులో, ముసురు పట్టిన వారంలో. మా అహల్యకు అప్పుడు పద్నాలుగు నెలలు. నిమ్ము చేసి డొక్కలు ఎగరేస్తుంటే, కేసముద్రం స్టేషన్‌లో దొరికిన రైలెక్కి దవాఖానకు తీసుకుపోయాం. ఆ దవాఖాన పేరు ఇక్కడ అవసరం లేదు. అంతకు మునుపు ఒకసారి పెన్సిలిన్ వేస్తే అహల్య ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి అందక గిలగిలలాడింది. ఆ మాట చెప్పగానే సారమ్మ కేసు కాగితం మీద ఎర్ర సిరాతో "పెన్సిలిన్ వద్దు" అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, కాగితాన్ని ఏడో నంబరు మంచానికి తగిలించింది. అక్కడ కాగితాలు పిల్లల దగ్గర ఉండవు. మంచం తలాపి కమ్మీకి వేలాడుతుంటాయి.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. నోటుపుస్తకంలో గీతలు గీసి రెండు గంటలకోసారి అహల్య జ్వరం రాసుకునేదాన్ని. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో గడియారం పెట్టి చూసేదాన్ని. మూడు రోజులు సరిగ్గా నిద్ర పోలేదు. పక్కన ఎనిమిదో మంచం మీద గోరీ బిడ్డ నీలి. గోరీది తండా. ఇద్దరు పిల్లలదీ ఒకే ఈడు, ఇద్దరివీ గుండు తలలు. నీలికి ఆరు గంటలకోసారి పెన్సిలిన్ పడేది. గోరీకి చదువు రాదు. సారమ్మ ఇచ్చిన మూతలన్నీ తలమీది అద్దాల గుడ్డ అంచుకు వరసగా ముడివేసుకునేది. ఆమె నడిస్తే అద్దాలతో పాటు అవి కూడా గలగలమనేవి.

మూడో రోజు పొద్దున మా అత్తమ్మ బుచ్చమ్మ వచ్చింది. వచ్చిన గడియలోనే వరండాలో ఎవరో ఆమె చెవిన వేశారు. పోయిన వారం ఏడో మంచం మీదే ఒక పసిబిడ్డ చనిపోయిందని.

"ఓ మనోరమా, నీకు తెల్వదా? తెలిసే పండవెట్టినవా? లేపు. ముందు పిల్లను లేపు" అంది అత్తమ్మ.

"మంచం ఏం చేస్తుంది అత్తమ్మా?" అన్నాను.

"నువ్వు సదివిన సదువుల గిసుంటియి ఉండయి తియ్."

మంచం ఏమీ చేయదని నాకు తెలుసు. కానీ ఆ పొద్దున అహల్య ఊపిరి నిమిషానికి అరవై దాటింది. ఆ అంకెను చూశాక తెలిసినదంతా ఎటు పోయిందో పోయింది. గోరీని అడిగాను. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి నవ్వింది.

"తీస్కోండ్రమ్మా. సచ్చిపోయిన పసిది ఏం జేస్తది? నాకు బతికున్నోళ్లతోనే భయం."

పిల్లల్ని ఎత్తుకుని మంచాలు మారాం. పాతగుడ్డలు, పాలసీసా అన్నీ మార్చాను. కాగితాలు మార్చాలన్న ఆలోచన మాత్రం రాలేదు. సారమ్మకూ చెప్పలేదు. చెబితే చదువుకున్న దానివి నువ్వూ ఇంతేనా అంటుందని సిగ్గుపడ్డాను.

మధ్యాహ్నం రెండింటికి సూదుల వేళ. నేను మంచం కమ్మీకి తలానించి కూర్చునే నిద్రపోయాను. అత్తమ్మ వరండాలో ఉంది. గోరీ నల్లా దగ్గరికి పోయింది. తర్వాత సారమ్మే చెప్పింది, ఆ పూట ఆమెకు తట్టలోని సీసాలు రెండేసిగా కనిపించాయట. ఎనిమిదో మంచం కాగితం చదివింది. పెన్సిలిన్ తీసింది. అటు తిరిగి పడుకున్న గుండు తల, మీద దుప్పటి. తల్లి నిద్రలో ఉంది. ఆ ఒక్కసారికి సారమ్మ పేరు అడగలేదు.

నన్ను లేపింది గోరీ అరుపు.

"అక్కా! ఆగక్కా! నా బిడ్డ సీసా మూత గాడ ఎందుకు తీసినవ్? గది నా బిడ్డ కాదు!"

కళ్లు తెరిచేసరికి అహల్య తొడ మీద దూది తడి. సూది మొన జానెడు దూరంలో ఉంది. సారమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. గోరీ బిందె అక్కడే పడేసి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

సారమ్మ ఏడో మంచం కాగితం చదివింది. ఎనిమిదోది చదివింది. రెండూ విప్పి అటుది ఇటు, ఇటుది అటు కట్టింది. సూదిని తట్టలో పెట్టి స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి లేచి డ్యూటీ రిపోర్టు పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టింది.

పెద్ద డాక్టరు హన్మంతరావు వచ్చేసరికి సిరా ఇంకా ఆరలేదు. ఆయన నిలబడే చదివాడు.

"మధ్యాహ్నం రెండు గంటలు. నీలికి వేయవలసిన పెన్సిలిన్ అహల్యకు వేయబోయాను. అహల్యకు అది పడదు. పేరు అడగలేదు. తప్పు నాది. నేను డ్యూటీ ఎక్కింది నిన్న ఉదయం ఎనిమిది గంటలకు. మంచాలు ఇరవై నాలుగు. పిల్లలు ముప్పై ఏడుగురు. నర్సును ఒక్కదాన్నే. మిగతా ఇద్దరిని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపుకు పంపారు."

"తప్పు నాది అని రాసుకున్నవు, బాగనే ఉన్నది. కింద గీ లెక్కలెందుకు?" అన్నాడు.

"పైది నిజమైతే కిందిది గూడ నిజమే సార్. రెండు కలిసే ఉండాలె."

"జరగని దానికి ఈ రాతెందుకు సారమ్మా? పోరికి ఏం కాలేదు కద."

"కాలేదు కాబట్టే నేను రాస్తున్న. అయ్యుంటే పోలీసోళ్లు రాస్తుండిరి."

వచ్చే వారం పైనుంచి తనిఖీ ఉంది. డాక్టరు గొంతు తగ్గించాడు. "చింపెయ్. నీ మంచికే చెప్తున్న. ఇది ఎవలన్న చూస్తే ఫస్టు నీ నౌకరీ పోతది."

"పోతె పోనియ్యండ్రి. కాగితం పోవద్దు."

ఇంతలో సంగతి తెలిసి అత్తమ్మ పరుగున వచ్చింది. "నా మనుమరాల్ని సంపుతుంటివి గదనే! దీన్ని ఇయ్యాల్నే ఇంటికి తోలుండ్రి సారూ. నా కొడుకు మధుకర్ వచ్చిండంటే ఊకుంటడా? పెద్దోళ్ల దాంక పోతం!"

డాక్టరుకు దారి దొరికింది. "ఇన్నవా? వీళ్లు దరఖాస్తు ఇస్తే నేనేం జెయ్యలేను. కాగితం తీసేస్తే అమ్మకు నేను నచ్చజెప్పుకుంట."

"మంచాలు మార్చింది నేను" అన్నాను. "చెప్పకుండా మార్చాను. దరఖాస్తు ఇవ్వను." పెన్ను అందుకుని ఆమె రాతకు కింద ఆ మాటలే రాసి సంతకం పెట్టాను. అత్తమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

డాక్టరు పుస్తకం మూసి బల్ల మీద పడేశాడు. "సరే, తర్వాత చూద్దాం. ముందు మిగిలిన సూదులు వేసిరా."

సారమ్మ తట్ట ఎత్తి ఆయన ముందు పట్టింది. "వెయ్య సార్."

"ఏందీ?"

"ముప్పై గంటలైంది. నా చేతులు చూడుండ్రి." తట్టలో సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి.

"పిల్లలకు మందు ఆపుతవా?"

"ఆపుత అంటలే. ఈడనే ఉంట. సూదులు మరగవెడత, పేర్లు అడుగుత. మందు తీసేది మీరు, గుచ్చేది మీరు. ఇంకొక నర్సు వచ్చేదాంక నేను సూది ముట్ట. రాసుకోండ్రి, నేనే చెప్పిన అని."

వార్డంతా చూస్తోంది. డాక్టరు మెడ ఎర్రబడింది. కానీ పిల్లల వేళ దాటిపోతోంది, ఆయనకూ తెలుసు. చేతులు కడుక్కుని వచ్చాడు. మొదటి మంచం దగ్గర దూది తీయబోతుంటే వెనక నుంచి గోరీ అంది.

"సారూ, మొదలు పేరడుగుండ్రి."

ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. డాక్టరు గోరీని ఒక చూపు చూశాడు. అయినా అడిగాడు. ఆ మధ్యాహ్నం పద్దెనిమిది మంది పిల్లల పేర్లు అడిగాడు. ఏడో మంచం దగ్గర సూది అయ్యాక గోరీ చెయ్యి చాపింది. ఏం కావాలో ఆయనకు అర్థం కాలేదు.

"మూత" అంది సారమ్మ.

ఇచ్చాడు.

సాయంత్రం నాలుగింటికి క్యాంపు నుంచి జీపులో ఒక నర్సును వెనక్కి తెచ్చారు. సారమ్మ అప్పటిదాకా వార్డులోనే ఉంది. వచ్చిన నర్సుకు ముప్పై ఏడుగురినీ ఒక్కొక్కరిగా చూపించి, పేర్లు చెప్పి, అప్పుడు చెప్పులు వేసుకుంది.

కాగితం చింపలేదు. చింపితే పేజీల అంకె తప్పుతుంది. పైగా కింద నా సంతకం ఉంది. తనిఖీ అధికారి చదివాడు. రెండు నెలల్లో ఆ వార్డుకు రెండో నర్సును శాశ్వతంగా వేశారు. మూడో నెలలో సారమ్మకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు కోసి భూపాలపల్లికి బదిలీ చేశారు. పై అధికారి మాట వినలేదట. జవాబు రాయమంటే ఆమె ఒక్క వాక్యం రాసింది. "వినలేదు, నిజమే."

ఎనభై ఆరులో మా ఆయన మధుకర్‌కు కూడా అటే బదిలీ అయింది. బొగ్గు కోసం బోర్లు వేసే లారీలు తప్ప ఆ ఊళ్లో అప్పుడు పెద్ద సందడి లేదు. చిన్న దవాఖాన, ఎనిమిది మంచాలు. వాటి కమ్మీలకు కాగితాలు లేవు. ప్రతి బిడ్డ చీలమండకూ బ్యాండేజీ గుడ్డ పీలిక కట్టి, దాని మీద పేరు రాసి ఉంది. ఎవరు కట్టమన్నారని అడిగితే, "ఎవలు అనలే. ఎవలన్న వద్దంటే అప్పుడు చూస్త" అంది సారమ్మ.

అహల్యకు అప్పటికి నాలుగేళ్లు. కాలిలో తుప్పు మేకు దిగిందని తీసుకుపోయాను. నన్ను చూడగానే సారమ్మ గుర్తుపట్టింది. అత్తమ్మ బాగుందా అంది, గోరీ బిడ్డ ఎట్లుందని అడిగింది. అహల్య బుగ్గ పట్టుకుని, "ఎంత పెద్దగైనవే అహల్యా!" అని మురిసింది. తర్వాత సూది తీసి, సీసా మీది అక్షరాలు వెలుతురుకు పెట్టి చదివి, నా వైపు తిరిగింది.

"బిడ్డ పేరేంది?"

"ఇప్పుడే పిలిచావు కదక్కా!"

"పిలిచిన. నాకెరుకే. గీ చేతికి ఎరుకలేదు. చెప్పు."

చెప్పాను.