బంతి చేతిని వదిలే చోటు

ఇంగ్లండ్‌లోని బ్రాక్‌నెల్‌లో మా కంపెనీ బేస్‌బాల్ కోసం కెమెరాలు తయారు చేస్తుంది. క్రికెట్‌లో బౌలర్ ఉన్నట్టే ఆ ఆటలో బంతి విసిరే పిచర్ ఉంటాడు. అతని చేతిలోంచి బంతి బయటపడిన క్షణం నుంచి బ్యాటు దాకా, చుట్టూ స్తంభాల మీదున్న కెమెరాలు దాన్ని ఫొటోలు తీస్తూనే ఉంటాయి. వాటన్నిటినీ కలిపి బంతి ఎంత వేగంగా వెళ్లింది, ఎలా తిరిగింది, ఎక్కడ వంగింది అని చెప్పే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. కడప నుంచి వచ్చినదాన్ని, ఈ ఉద్యోగంలో చేరేదాకా ఆ ఆట ముఖం కూడా చూడలేదు.

కెమెరాలు సరిగా చూస్తున్నాయో లేదో తేలాలంటే ఎవరో ఒకరు నిజంగా బంతులు విసరాలి. అందుకు ఊరి చివర ఒక గ్రౌండ్ అద్దెకు తీసుకుని, వీకెండ్లలో క్లబ్బుకు పిచర్‌గా ఆడే ఒక ఇంగ్లిష్ ప్లంబర్‌ని పిలిపించేవాళ్లు. వ్యాను దిగగానే ఫ్లాస్కులో టీ నాకూ పోసేవాడు. కుట్ల మీద రెండు వేళ్లు ఆనించి బంతిని ఎలా పట్టుకోవాలో ఓపిగ్గా నేర్పాడు. నేను విసిరితే నెట్ దాకా కూడా వెళ్లేది కాదు. నవ్వేవాడు కాదు, ఇంకొకటి చేతిలో పెట్టేవాడు.

క్లయింట్లు వచ్చి చూసే రోజు దగ్గరపడేసరికి అతనితో రోజూ విసిరించడం మొదలుపెట్టారు. ఒక ఉదయం సన్నటి వానలో, గుడారం కింద కూర్చుని గ్రాఫు చూస్తున్నాను. బంతి చేతిని వదిలే చోటు కిందికి దిగిపోతోంది. కెమెరా కదిలిందేమోనని అన్నీ మళ్లీ సరిచూశాను. ఏదీ కదల్లేదు. అతని మోచెయ్యే లేవడం లేదు. విసిరిన ప్రతిసారీ అటు తిరిగి చెయ్యి నొక్కుకుంటున్నాడు.

వెళ్లి మా మేనేజర్‌కి చెప్పాను. ఆయనది గుంటూరు. ఆఫీసులో నాతో ఇంగ్లిష్ తప్ప మాట్లాడడు. ఏదైనా నొక్కేయాలనుకున్నప్పుడే తెలుగు వస్తుంది.

"ఆయన మోచెయ్యి దెబ్బతింటా ఉందండీ. ఈరోజుకు ఆపేద్దాం."

"మనం చూడాల్సింది బంతినమ్మా, చేతిని కాదు. నొప్పిగా ఉందని ఆయనేమన్నా చెప్పాడా?"

"నాకు చెప్పలేదు. డేటా చెప్తా ఉంది కదా."

"ఆ డేటా క్లయింటుది. బయటివాళ్లకి చూపించకూడదు. డెమో అయిపోనీ, అప్పుడు చూద్దాం."

"ఆయన చెయ్యి గురించి ఆయనకే చెప్పకూడదా?"

"కాంట్రాక్టు అలా ఉంది మరి. నీ వీసా కూడా కంపెనీదే, గుర్తుంచుకో."

నాకు ఒళ్లు మండిపోయింది. లాప్‌టాప్ పట్టుకుని వానలోనే మైదానం మధ్యకు నడిచాను. అతను విసరబోతున్నవాడల్లా ఆగాడు. గ్రాఫు చూపించి, ఇక విసరొద్దన్నాను. అతను స్క్రీన్ మీదికి వంగి, కిందికి దిగుతున్న గీతను వేలితో తాకాడు.

"మీ మేనేజర్‌కి పోయిన వారమే చెప్పాను, రాత్రిళ్లు నొప్పి పెడుతోందని. ఫిజియోని పంపిస్తానన్నాడు. పర్వాలేదనుకున్నా," అన్నాడు.

అంటే మేనేజర్ తెలిసే అడిగాడన్న మాట, నొప్పని చెప్పాడా అని. వెనక్కి తిరిగేసరికి గుడారంలో మేనేజర్ ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన ముందుకెళ్లి, "మీకు ముందే తెలుసు," అన్నాను. నా గొంతు అంత గట్టిగా లేస్తుందని నాకే తెలియదు. కేబుళ్లు చుడుతున్నవాళ్లు చేతులు ఆపి చూశారు.

స్కాన్‌లో అతని మోచేతి దగ్గర ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ సగం చిరిగిందని తేలింది. నాకు మాత్రం గోప్యత పాటించలేదని హెచ్‌ఆర్ హెచ్చరిక ఇచ్చింది. జరిగిందంతా రాసి నేనూ ఫిర్యాదు పెట్టాను. "పరిశీలనలో ఉంది" అన్నారు. ఆ పరిశీలన ఇప్పటికీ ముగియలేదు. డెమోకి ఇంకో పిచర్‌ని తెచ్చారు, అది బ్రహ్మాండంగా జరిగిందట.

వేసవి చివర్లో ఆఫీసంతా కూర్చున్న మీటింగులో మేనేజర్ కొత్త ఫీచర్ చూపించాడు. ఆటగాడి చెయ్యి దెబ్బతినకముందే హెచ్చరించే సాఫ్ట్‌వేర్. తెర మీద కిందికి దిగుతున్న గీత నాకు బాగా తెలిసిందే.

లేచి నిలబడ్డాను. "ఈ గ్రాఫు ఎవరి చేతిది?"

"శాంపిల్ డేటా."

"కాదు. మన గ్రౌండ్‌లో విసిరిన ప్లంబర్‌ది. నొప్పని చెప్పినా మీరు ఆపలేదు. నేను ఆపమంటే వీసా గుర్తు చేశారు."

మేనేజర్ తర్వాతి స్లైడుకు వెళ్లేదాకా కూర్చోలేదు. ఆ వారంలోనే క్లయింట్లకిచ్చే బ్రోషర్‌లోంచి ఆ గ్రాఫు తీసేశారు. ఫీచర్ మాత్రం అమ్ముడుపోతూనే ఉంది.

మొన్న ప్లంబర్‌కి ఫోన్ చేస్తే, బరువైన పనులు ఇంకా ఎడమ చేత్తోనే చేస్తున్నానని చెప్పాడు. విసరడం గురించి నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. నేను ఇంకో ఉద్యోగం వెతుక్కుంటున్నాను. కోపం చల్లారాక వెళ్లమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. చల్లారకముందే వెళ్లాలని నాకుంది.