అరిగిన వైపు

పొద్దున వీధిలో ఎవరో బండి ఇరుసుకు ఆముదం రాస్తున్నారు. ఆ వాసన గుమ్మం దాటి వచ్చేసరికి నా చేతులు వాటంతట అవే ఒళ్లో గుడ్డ కోసం వెతికాయి. గుడ్డ లేదు, తుడవడానికి కర్రసామానూ లేదు. శేషయ్యగారు పోయి చాలా కాలమైంది. ఆయన్ని చూడనివాళ్లు ఇప్పుడు ఊరి నిండా ఉన్నారు, వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. నాకు వచ్చినవి నా పేరులో ఉన్న అక్షరాలే గనుక నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది. నా మాట మొరటుగా ఉంటే ఉండనీ, దిద్దవద్దని దానికి ముందే చెప్పాను.

శేషయ్యగారు నిడదవోలు కాలవ లాకుల మీద ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. కాలవ తవ్వే రోజుల్లో మట్టిలో దొరికిన చెక్కుడు రాళ్లు, పాతకాలపు కుండలు, ఎవరివో తెలియని పూసలు కూలీలను పారేయనివ్వకుండా దాచారట. ఉద్యోగం అయిపోయాక గట్టు మీద ఖాళీగా పడి ఉన్న ధాన్యం కొట్టు అడిగి పుచ్చుకుని, అవన్నీ బల్లల మీద పేర్చి తలుపులు తీసి కూర్చున్నారు. మిషను బడి దానియేలు మాస్టారు దాన్ని మ్యూజియం అనేవారు. ఊళ్లోవాళ్లు పాతకొట్టు అనేవారు. మొదట నవ్వినవాళ్లే తర్వాత తమ ఇళ్లలోంచి కవ్వాలూ, ఊదుగొట్టాలూ, తాతల నాటి పడవ తెడ్లూ మోసుకొచ్చి ఇచ్చారు.

నా మొగుడు పడవ మీద ధాన్యం వేసుకుపోయి, వాంతులు పట్టుకుని కొవ్వూరు రేవులోనే పోయాడు. నన్ను అన్న ఇంటికి తెచ్చారు. వంటింటి మూల, పొయ్యి పక్కన నా చోటు. మా వదిన చెడ్డది కాదు. కానీ ఎవరైనా శుభకార్యం మాట్లాడడానికి వస్తే, 'మాణిక్యం, కాస్త దొడ్లోకి వెళ్లవే' అనేది. దొడ్లో నాకు తెలియని చెట్టు లేదు. పక్కింటి శేషయ్యగారు ఒకనాడు మా అన్నతో, "కొట్టు ఊడ్చి తుడవడానికి మనిషి లేదోయ్, మీ చెల్లెల్ని పంపు" అన్నారు. మా అన్న బరువు దింపుకున్నట్టు తల ఊపాడు.

మొదటి వారంలోనే నా పని తప్పుపట్టారు. ఒక రోకలిని తుడిచి, అరగని వైపు జనానికి కనబడేలా నిలబెట్టాను. ఆయన వచ్చి చూసి, దాన్ని వెనక్కి తిప్పారు.

"అరిగిపోయిన వైపు గోడకి పెట్టానండి బాబుగారూ, చూడ్డానికి బాగుంటుందని."

"బాగున్న వైపు వడ్రంగి చేశాడమ్మాయ్. అరిగిన వైపు దంచినావిడ చేసింది. వచ్చేవాళ్లకి ఆవిణ్ణి చూపించాలా, వడ్రంగిని చూపించాలా?"

అప్పటినుంచి కొట్టులో ప్రతి వస్తువూ అరిగిన వైపే ముందుకు తిరిగి ఉండేది. ఎవరు ఏది తెచ్చినా ఆయన అడిగే మాట ఒకటే: "ఇది ఎవరి చేతికి అరిగింది?" రాజుల కత్తి తెచ్చానని ఒకాయన గొప్పగా చెబితే, పిడి తడిమి చూసి, "ఎవరూ పట్టుకున్నట్టు లేదేంటండీ" అన్నారు. పాపం, ఆయన కత్తి తిరిగి తీసుకుపోయాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక దానియేలు మాస్టారు వచ్చి ఏ వస్తువు ఎవరి చేతిదో చీటీలు రాసేవారు. పడవ సరంగు నూకరాజు బరువు సామాన్లు తాళ్లతో వేలాడదీసేవాడు. ఎవరికీ జీతం లేదు. శేషయ్యగారి ఇంటి నుంచి మజ్జిగ వచ్చేది, అంతే.

"ఆదివారం పని చెయ్యొద్దన్నాడు కదండీ మీ దేవుడు?" అనేవాడు నూకరాజు.

"నీ కబుర్లు వినడం పనంటావా? అది శిక్షోయ్" అనేవారు మాస్టారు, చీటీ మీంచి తల ఎత్తకుండా.

నూకరాజే నాకు పడవ ముడి నేర్పాడు, ఎంత ఊగినా జారనిది. అది నేర్చుకోవలసిన అవసరం ఒక ఉయ్యాల వల్ల వచ్చింది. పనస చెక్కది, నాలుగు మూలలా చిలకలు చెక్కి ఉండేవి. కాలవ అవతలి ఊరి పెద్దరైతు ఒకాయన ఇల్లు మార్చుకుంటూ ఇచ్చాడు. అందులో పడుకున్న పిల్లలు గట్టిగా బతుకుతారని ఎవరో అన్నారు. ఇక చూడండి, నెలలు నిండిన పిల్ల ఉన్న ప్రతి ఇంటివాళ్లూ ఒక్క నెల ఇవ్వమని వచ్చేవారు. శేషయ్యగారు కాదనలేదు. "ఊరికే వేలాడితే బూజు పడుతుంది. తీసుకెళ్లి ఊపండి" అనేవారు. ఉయ్యాల వెళ్లేముందూ, వచ్చాకా ఆముదం పట్టించి, తాళ్లు మార్చి కట్టే పని నాది. ఎవరి చేతులు కడుతున్నాయో తీసుకెళ్లేవాళ్లకు తెలియదు. నేను చెప్పలేదు.

ఒక ఆదివారం సూరమ్మగారు ఉయ్యాల తీసుకెళ్లడానికి బండి కట్టించుకుని వచ్చారు. ఆ ఉయ్యాల ఇచ్చిన రైతుకు స్వయానా చెల్లెలు. నేను అప్పుడు ఉయ్యాల ముందేసుకుని కూర్చుని ఉన్నాను. ఆవిడ నా నుదురు చూశారు, నా చేతులు చూశారు.

"ఇదేంటండీ బాబాయిగారూ! దీని చేతా తుడిపిస్తున్నారు?"

"తుడవడమే కాదమ్మా, ముడులు వేసేదీ ఈ అమ్మాయే."

"మా పిల్లకి ఇద్దరు పుట్టి పోయారండి. ఈ కాన్పయినా దక్కాలని నేను మొక్కని దేవత లేదు. పెద్దాపురం దాకా వెళ్లి మరిడమ్మతల్లి కాళ్ల మీద పడ్డాను. ముండమోసిన చెయ్యి పడిన ఉయ్యాలలో పసిగుడ్డుని ఎలా వెయ్యమంటారు? దీన్ని పంపించెయ్యండి. నేనే ఒక మంచి మనిషిని పెడతాను."

నాకు కోపం రాలేదు. ఇద్దరు పిల్లలు పోయిన ఇంటి భయం అది. గుడ్డ మడిచి కింద పెట్టి లేచాను. మళ్లీ దొడ్లోకే కదా అనుకున్నాను. కొట్టు గుమ్మం అంత దూరం ఎప్పుడూ అనిపించలేదు.

"కూర్చో" అన్నారు శేషయ్యగారు నాతో. తర్వాత ఆవిడ వైపు తిరిగారు. "సూరమ్మా, ఇది మీ పుట్టింటిదే కదా. ఇలా వచ్చి ఇక్కడ చెయ్యి పెట్టు. ఈ అంచు పట్టె ఎలా గుంటపడిందో చూడు. ఎవరి చేతికి అరిగిందంటే మీ అన్న చెప్పలేకపోయాడు. చీటీ ఖాళీగా ఉండిపోయింది."

తెలిసి అడిగారో, తెలియక అడిగారో నాకు ఇప్పటికీ తెలియదు. అందరినీ అడిగే మాటే అది. సూరమ్మగారు ఆ గుంటలో అరచెయ్యి ఆనించారు.

"మా అమ్మది కాదండి, అమ్మకి పాడీ పంటా సరిపోయేది. మా మేనత్తది. బాపనమ్మత్త. మమ్మల్నందర్నీ ఊపింది ఆవిడే. తెల్లచీర కొంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ పడుకునేదాన్నట నేను..."

మాస్టారు కలం ఎత్తి పట్టుకుని ఉన్నారు. నూకరాజు కాలవ వైపు చూస్తున్నాడు.

"చిన్నప్పుడే పసుపు కుంకాలు పోయాయండి ఆవిడకి" అన్నారు సూరమ్మగారు, తనలో తను చెప్పుకుంటున్నట్టు.

"బాపనమ్మగారి చెయ్యి. రాయండి మాస్టారూ" అన్నారు శేషయ్యగారు.

సూరమ్మగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "నీ పేరేంటి?"

"మాణిక్యమండి."

"బండెక్కు మాణిక్యం. ముడి వెయ్యడం మావాళ్లకి చేతకాదు."

"నేర్పింది నేనండి, నన్ను పిలవరేంటి?" అన్నాడు నూకరాజు.

"నువ్వెక్కితే ఎద్దులు లాగొద్దా?" అన్నారు ఆవిడ. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మనుషుల మధ్య పైకి నవ్వి ఎన్నాళ్లయిందో.

ఆడపిల్ల పుట్టింది, దక్కింది. కానీ పురుడు గడిచేదాకా నేను తిన్న అన్నం ఒంటబట్టలేదు. తర్వాత ఒకనాడు ధైర్యం చేసి ఆయన్ని అడిగాను, "పిల్ల దక్కకపోతే నన్నేం చేసేవారండీ ఊళ్లోవాళ్లు?"

ఆయన ఆలోచించి చెప్పారు. "వాళ్లేం చేసేవారో నాకు తెలీదమ్మాయ్. మర్నాడు పొద్దున కొట్టు తాళం మాత్రం నువ్వే తీసేదానివి."

నా జన్మలో నాకు ఎవరూ అంత పెద్ద మాట ఇవ్వలేదు.

ఆయన పోయాక రైలు పనులు వచ్చాయి, కొట్టు కూల్చేశారు. రాళ్లు ఎటు పోయాయో తెలియదు. ఇళ్ల సామాను ఇళ్లకు చేరింది; ఉయ్యాల సూరమ్మగారింట ఉంది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఉయ్యాల కట్టాలంటే నాకు కబురు వస్తుంది. అందరింట్లోంచీ కాదు, పిలిచేవాళ్లు పిలుస్తారు. ఏ ఉయ్యాల అయినా ముడి వేసి, లాగి చూసి, బిడ్డను పడుకోబెట్టాక మొదటి ఊపు నేనే ఊపుతాను. ఏ మూలనో ఎవరైనా మూతి తిప్పితే తిప్పుకోనిస్తాను. బిడ్డ కళ్లు మూసేదాకా పట్టె మీంచి చెయ్యి తియ్యను.