ఏ ఫ్రేమ్‌వర్కూ లేని తేదీ పెట్టె

ఆఫీసులో ఆమెను బటనక్క అనేవారు. వెటకారానికి పెట్టిన పేరే. ఆస్పత్రుల అపాయింట్‌మెంట్లకు వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీ అది. అందులో తెరమీద కనిపించే బటన్లు, జాబితాలు, తేదీ ఎంచుకునే పెట్టెలు రాయడం ఆమె పని. పదకొండేళ్లలో అదే బటన్‌ను నాలుగుసార్లు రాసింది.

కారణం చీఫ్ ఆర్కిటెక్టు. రెండు మూడేళ్లకోసారి ఏదో సదస్సుకు వెళ్లి, కోడ్ రాయడానికి వాడే రెడీమేడ్ చట్రం, అదే ఫ్రేమ్‌వర్క్, కొత్తదాని పేరొకటి పట్టుకొచ్చేవాడు. ఆ పూట నుంచి పాతదంతా చెత్త, మొత్తం కొత్తదాంట్లో తిరగరాయాలి. ఆయన స్వయంగా కోడ్ రాసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. ఎదుటివాళ్లు ఎలా రాయాలో మాత్రం కొట్టినపిండి.

ఐదోసారి రాయాలనేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"సార్, రోగికి కావాల్సింది తేదీ. మనం ఏ ఫ్రేమ్‌వర్క్ వాడితే వాళ్లకేంటి? బ్రౌజర్‌కే నేరుగా అర్థమయ్యేలా ఒక్కసారి రాసేద్దాం. ఏ టీమ్ ఎందులో పెట్టుకున్నా నడుస్తుంది."

"అవన్నీ పాతకాలం ఆలోచనలమ్మా."

"నొక్కితే పనిచెయ్యడం కూడా పాతకాలమేనా సార్?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. మర్నాడే ఆమెను కొత్త ప్రాజెక్టు నుంచి తప్పించి, పాత సైట్ల మరమ్మతుకు వేశాడు. శిక్ష వేశాననుకున్నాడు పాపం, ఆమెకు తీరిక దొరికింది. నాలుగు నెలల్లో అనుకున్నవన్నీ రాసేసింది. తేదీ పెట్టె చూసుకుని తెగ మురిసిపోయింది.

దాన్ని చూపిద్దామని అన్నయ్య ఇంటికి వెళ్లింది. ఆయన అనువాదకుడు. ఆరేళ్ల కిందట చూపు పోయింది. తెరమీది మాటలను కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే, కీబోర్డుతోనే పని నెట్టుకొస్తున్నాడు. మీట నొక్కాడు. "బటన్" అంది కంప్యూటర్. మళ్లీ నొక్కాడు. "బటన్." నెలలో ఎన్ని రోజులుంటే అన్ని బటన్లు.

"ఇందులో పదో తారీఖు ఏదే?"

"చూస్తే తెలుస్తుంది కదా అన్న..." అనబోయి నాలిక కరుచుకుంది.

"మరి మీ ఆర్కిటెక్టుకీ నీకూ తేడా ఏంటే? ఆయనకి కొత్త పిచ్చి, నీకు నీ తెలివి పిచ్చి. నాకు మాత్రం ఇద్దరి పెట్టెలూ మూగవే."

చురుక్కుమంది. అన్నాళ్లూ ఆర్కిటెక్టు కోసం దాచుకున్న చిన్నచూపులో సగం తనకే కేటాయించుకోవలసి వచ్చింది. రెండు నెలలపాటు ప్రతి ఆదివారం అన్నయ్య పక్కన కూర్చుని తిట్లు తింటూ సరిచేసింది. "మీ తారీఖుల గొడవ తెమిలితే అన్నాలు తిందురుగాని" అని వదిన వంటింట్లోంచి కేకేసేది.

ఈలోగా కొత్త ప్రాజెక్టు సగంలో చతికిలబడింది. మూడు టీములు, మూడు ఫ్రేమ్‌వర్కులు, మూడు తేదీ పెట్టెలు. ఒకదాంట్లో సోమవారం నొక్కితే ఆదివారం నమోదయ్యేది. మూసి ఉన్న ఆస్పత్రి గుమ్మం దగ్గర ఒక ముసలావిడ గంటసేపు నిలబడిందని ఫిర్యాదు వచ్చింది. అప్పుడు మూడు టీములూ చప్పుడు చేయకుండా బటనక్క పెట్టె తెచ్చి పెట్టుకున్నాయి. మూడింట్లోనూ నడిచింది.

ఆర్కిటెక్టుకు తెలిసేసరికి అది తొమ్మిది సైట్లలో ఉంది.

"ఇది ఏ ఫ్రేమ్‌వర్క్?"

"ఏదీ కాదు సార్."

ఆయన నివేదికలో "ఫ్రేమ్‌వర్క్: తెలియదు, త్వరలో మార్చవలెను" అని రాసుకున్నాడు. మార్చకముందే ఇంకా పెద్ద హోదాతో ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు. అక్కడివాళ్ల ఖర్మ.

ఇప్పుడు అన్నయ్యకు చెల్లెలి కంపెనీలోనే ఉద్యోగం, ఆమె పనిలో తప్పులు పట్టడం. మొన్న ఆమె పంపిన మూడు పెట్టెల్లో రెండు తిప్పిపంపాడు.