మా బావ పెట్టిన ఆదివారం గడువు

మా బావ చెప్పిన రోజుకి బట్టలిచ్చాడంటే ఆ రోజు సూర్యుడు ఏ దిక్కున పొడిచాడో చూసుకోవాలి. ఆయన కటింగ్ మాస్టరు. ఆయన దుకాణంలో కాజాలు కుట్టి గుండీలు వేసేది నేను. మా అక్క మొగుడు కాబట్టి ఈ మాట నేను మొహం మీదే అంటాను, మిగతావాళ్లు వెనకాల అంటారు. బుధవారం ఇస్తానన్నాడంటే మా వీధివాళ్లు శుక్రవారం వస్తారు. వచ్చి, గుడ్డ ఇంకా కత్తెర మొహమే చూడలేదని తెలుసుకుని, బెంచీ మీద కూర్చుని కాసేపు కబుర్లాడి వెళ్లిపోతారు. పనికి మాత్రం వంక పెట్టలేం. ఆయన కోసిన చొక్కా ఒంటితో పాటే పుట్టినట్టుంటుంది.

అలాంటి మనిషి కటింగ్ పాఠాలు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాడు. వీడియోలు తీసిందీ, వెబ్‌సైట్‌లో పెట్టిందీ మా అక్క అల్లుడు. అతని మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఊరికే నవ్వుతూ మాట్లాడేవాళ్లని నేను నమ్మను. ఒక ఏడాది పాటు పాఠాలు ఎప్పుడంటే అప్పుడు కొనుక్కునేలా ఉంచారు. చూసినవాళ్లు బాగున్నాయన్నారు, తర్వాత చేరతామన్నారు, మళ్లీ కనబడలేదు. అప్పుడు అల్లుడు కొత్త ఆలోచనతో వచ్చాడు.

"పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు కదా మామయ్యగారూ, ఎప్పుడూ దొరికేదాని సంగతి అంతే. నాలుగు రోజులు తెరుద్దాం, ఆదివారంతో మూసేద్దాం. మళ్లీ వచ్చే ఏడాదే. చేరినవాళ్లందరికీ ఒకేసారి మీరు దగ్గరుండి చూపించొచ్చు."

"మూసేశామని చెప్పి సోమవారం మళ్లీ తెరుస్తావా బాబూ?" అన్నాను, దారం పంటితో తెంపుతూ.

"లేదు చిన్నత్తయ్యా, నిజంగానే మూసేస్తాను."

నిజంగానే అనేవాడి మీదే ముందు కన్నేసి ఉంచాలి. దుకాణం ఎత్తేస్తున్నాం, ఇవే ఆఖరి రోజులు అని బోర్డు పెట్టుకుని ఏళ్ల తరబడి చెప్పులమ్ముతున్నవాణ్ణి నేనెరుగుదును. అల్లుడు వెబ్‌సైట్‌లో ఒక గడియారం పెట్టాడు, గడువు కరిగిపోతున్నట్టు. నా ఫోన్లో చూశాను, మా అక్క ఫోన్లో చూశాను, పక్కింటావిడ ఫోను కూడా అడిగి తీసుకుని చూశాను. అన్నింట్లో ఒకే సమయం. మోసం పకడ్బందీగానే చేస్తున్నాడనుకున్నాను.

వీధి చివర ఇస్త్రీ దుకాణం ఆవిడ ఉంది. మేం కుట్టినవన్నీ ఆవిడ దగ్గరికే వెళతాయి. ఇస్త్రీ వేడికి ఆవిడకి ఊపిరాడక, డాక్టరు ఆ పని మానేయమన్నాడు. బట్టల కంపెనీలో కటింగ్ పనికి మనుషుల్ని తీసుకుంటున్నారు, వచ్చే నెలలో కోత పరీక్ష. అది గట్టెక్కితే ఆవిడ ఆ వేడిలోంచి బయటపడుతుంది, లేకపోతే అందులోనే. శనివారం మా దగ్గరికి వచ్చింది.

"అన్నా, రేపే ఆఖరంట కదా. ఫోను మా అబ్బాయి తీసుకెళ్లాడు, మంగళవారం గానీ రాడు."

బావ గీస్తున్న సుద్ద గీత మీంచి తలెత్తలేదు. "ఆదివారం అని పెట్టాంలేమ్మా. నా ఆదివారాలు నీకు తెలియనివా? మంగళవారం చేరు, ఏం పర్వాలేదు."

ఆవిడ నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

సోమవారం లేవగానే ఫోను తీశాను. మూసేసి ఉంది. మా అక్క ఫోన్లోనూ అంతే. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త నిరుత్సాహమే కలిగింది.

మంగళవారం ఇస్త్రీ ఆవిడ ఫోను పట్టుకుని వచ్చింది. ప్రవేశాలు ముగిశాయి అని కనబడుతోంది. బావ అల్లుడికి ఫోన్ చేశాడు. మేం కూడా వింటున్నాం.

"ఈవిడ ఒక్కరికీ తెరువు బాబూ."

"ఆదివారమే ఆఖరని వీడియోలో చెప్పింది మీరే మామయ్యగారూ. అది నమ్మి చాలామంది పనులు మానుకుని మరీ చేరారు. నిన్న అడిగినవాళ్లని లేదని పంపేశాను. ఇప్పుడు తెరిస్తే వాళ్లందరికీ అబద్ధం చెప్పింది మీరే అవుతారు."

బావ కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. "నేను చెప్పిన రోజుని నమ్మారా వాళ్లు?" అని మాత్రం అడిగాడు. నమ్మారన్నాడు అల్లుడు. బావ ఫోను పెట్టేశాడు.

"లేదమ్మా. తెరవడం కుదరదు," అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "నేనీ వీధికొచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, మీరు చెప్పిన రోజు ఒక్కటీ నిలబడలేదు. నేనడిగినప్పుడే నిలబడిందా అన్నా? ఇస్త్రీ చేసుకునేదానికి కత్తెరెందుకు అనుకుంటే ఆ మాట చెప్పేయొచ్చుగా."

"అయ్యో, అది కాదమ్మా. రేపు పొద్దున రా, నేనే పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తాను."

"రేపా," అంది ఆవిడ. ఇస్త్రీ చేసి తెచ్చిన చొక్కాల కట్ట బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆవిడ అనుమానం తప్పు, అది నాకు తెలుసు. అయినా ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనుకునేదాన్ని, ఇంకో నాలుగు అనేదాన్ని కూడా. ఇన్నేళ్ల వాయిదాలన్నీ వచ్చి ఆ ఒక్క మనిషి నెత్తిన పడ్డాయి.

బావ కత్తెర, టేపు, సుద్దముక్క, ఒక మిగులు గుడ్డ తీసుకుని లేచాడు. బెంచీ మీద ఇద్దరు చొక్కాల కోసం ఎదురుచూస్తున్నారు.

"ఎక్కడికి బావా?"

అప్పటికే వీధిలోకి దిగాడు. టీ తాగడానికని చల్లగా జారుకుంటున్నాడేమోనని వెనకే వెళ్లాను. ఆయన నేరుగా ఇస్త్రీ దుకాణంలోకి వెళ్లాడు. బల్ల చివర గుడ్డ పరిచి, కత్తెర పిడి ఆవిడ వైపు తిప్పి పట్టుకున్నాడు.

ఆవిడ తలెత్తలేదు. "ఈ బట్టలయ్యేదాకా కుదరదన్నా. కూర్చోండి."

గుమ్మం పక్కన స్టూలుంది. కూర్చున్నాడు. ఎవరెవరో వచ్చారు, మూటలు దించారు, ఆవిడ ఒక్కళ్లనీ వెనక్కి పంపలేదు. మధ్యమధ్య దగ్గుతోంది, ఆగి మళ్లీ రుద్దుతోంది. చొక్కాలవాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ అక్కడికే వచ్చి, చూసి వెళ్లిపోయారు. ఇంకెంతసేపని బావ ఒక్కసారి కూడా అడగలేదు.

వీధిలో దీపాలు వెలిగాక ఆవిడ ఇస్త్రీ పెట్టె ఆపింది. చేతులు కొంగుకి తుడుచుకుని, "ఏదీ, ఇలా ఇవ్వండి," అంది.