ఇనుము దించుకుని సీతంపేట ఘాట్ ఎక్కిన మా పాత పికప్

పాత డీజిల్ పికప్ ఉండి, దాని ఊపు పెంచాలని ఉన్నా జేబు తడుముకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మాది ఆమదాలవలసలో ఉప్పు, ఉల్లి, పప్పుల టోకు కొట్టు. వారానికోసారి సీతంపేట సంతకి సరుకు తీసుకెళ్ళి అక్కడి చిన్న కొట్లకి వేస్తాం, తిరుగు బండిలో చింతపండో అనాసపళ్ళో తెచ్చుకుంటాం. పెళ్ళయ్యాక నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఈ పికప్ మీదే. స్టీరింగ్ పట్టుకుంటే మా ఆయనకి ఆవలింతలొస్తాయి, నాకు ప్రాణం లేచొస్తుంది. అందుకని ఆయన కొట్లో కూర్చుంటారు, నేను బండి నడుపుతాను, పక్క సీట్లో మా మావగారు. వారంలో మిగతా రోజులన్నీ కొట్టువీ వంటింటివీ. ఆ ఒక్క రోజూ నాది.

ఆ రోజుకే ఎసరొచ్చింది. కిందటి సంతకి వెళ్తుంటే ఘాట్ సగంలో ఇంజిన్ వేడెక్కి బండి ఆగిపోయింది. మండుటెండలో ఉల్లి బస్తాలన్నీ వేరే బండిలోకి మార్పించాం. పక్కనుంచి వెళ్తున్న బస్సులోని జనం తలలు బయటపెట్టి మరీ చూశారు. మావయ్యకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి చెంబుడు నీళ్ళు తాగి తేల్చేశారు.

"అమ్మేద్దామమ్మా. పదిహేనేళ్ళు సేసింది, ఇంకేటి సేస్తాది? పాలకొండలో పాత బళ్ళు కొనే గోవిందు అడుగుతన్నాడు. ఇకనుంచి సరుకు కిరాయి బండికేసి పంపీవచ్చు, నువ్వు ఎండలో పడి తిరగక్కర్లేదు."

నా మంచికే అన్నారు గానీ, బండి పోతే నా రోజూ పోతుంది. "ఒక్క వారం ఆగండి మావయ్యా. ఇదే సరుకుతో, ఎక్కడా ఆగకుండా ఘాట్ ఎక్కితే ఉంచుదాం. ఎక్కకపోతే తిరిగొస్తూ గోవిందుకి తాళాలిచ్చి బస్సులో వచ్చీదాం" అన్నాను. ఆయన మీసం కింద నవ్వుకుని సరేనన్నారు.

మర్నాడే స్టేషన్ రోడ్డులో ఉన్న సింహాచలం షెడ్డుకి తీసుకెళ్ళాను. సింహాచలం మెకానిక్, పైగా మంచి మాటకారి. బానెట్ ఎత్తకముందే వైద్యం చెప్పేశాడు. "టర్బో ఏయించీయండమ్మా. వైజాగ్‌లో పాతది దొరుకుతాది. నలభై వేలు పారేస్తే కొండే పక్కకి తప్పుకుంటాది."

"నలభై వేలకి గోవిందు ఇలాటి ఇంకో బండే ఇచ్చెత్తాడు. సిన్న పనులు సెప్పు సింహాచలం" అన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నా పని మాత్రం బాగా చేశాడు. గాలి ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ కొత్తవి వేశాడు. రేడియేటర్ విప్పి లోపలి తుప్పు కడిగాడు. సాగిపోయిన ఫ్యాన్ బెల్టు మార్చాడు. డీజిల్ చిమ్మే నాజిళ్ళు శ్రీకాకుళం పంపించి శుభ్రం చేయించి, ప్రెషర్ సరిచేయించాడు. బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూసి, టైర్లలో గాలి సరిగ్గా పట్టించాడు. అంతా కలిపి ఆరు వేల లోపే. నల్లటి పొగ తగ్గింది, యాక్సిలరేటర్ తొక్కితే బండి వెంటనే అందుకుంటోంది. అయినా నాకు ఒకటి నచ్చలేదు. ఖాళీగా ఉన్నా బండి సరుకు ఎక్కించినట్టే కిందకి కుంగి కనబడుతోంది.

అందుకే మావయ్యని ఎక్కించుకుని తిన్నగా రైస్ మిల్లులోని లారీల కాటాకి తోలాను. మా మావయ్య మనుషుల కంటే కాటాని నమ్మే మనిషి. తూకం మీద రైతు ఎంత గొడవపడ్డా, "కాటా ఏటి సెప్తే అదే" అని ఒక్క ముక్కతో కట్టె విరిచినట్టు చెప్పేస్తారు. ఆ రోజు కాటా ఏం చెప్పిందంటే, ఆర్సీ పుస్తకంలో ఉన్న బరువు కంటే మా ఖాళీ బండి దగ్గర దగ్గర నాలుగు క్వింటాళ్ళు ఎక్కువ ఉంది.

"మీ కాటా పాడైపోయినట్టున్నాది" అన్నారు మావయ్య. ఆయన నోట ఆ మాట రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలై ఉంటుంది. మిల్లు గుమాస్తా నవ్వాపుకుంటూ మళ్ళీ తూచాడు. అదే అంకె వచ్చింది.

అప్పుడు బండిని మళ్ళీ సింహాచలం షెడ్డుకి తెచ్చి చుట్టూ తిరిగి చూశాం. పదిహేనేళ్ళుగా మావయ్య దానికి చేయించిన నగలన్నీ వరసగా కనబడ్డాయి. గేదె గుద్దిందని ముందు పెట్టించిన ఇనప గార్డు, అరటి గెలల కోసం కేబిన్ మీద బిగించిన క్యారియర్, అడుగు రేకు అరక్కుండా పరిచిన ఇంకో మందపాటి రేకు, పక్కలు ఎత్తు చేయడానికి వెల్డింగ్ పెట్టించిన ఇనప ఏంగిల్ బద్దలు, వెనక రెండు మెట్లు. ప్రతి ముక్కకీ ఆయన దగ్గర ఒక కథ ఉంది. కథ చెబుతూనే "తీసీ" అంటున్నారు, సింహాచలం గ్యాస్ కట్టర్‌తో కోసేస్తున్నాడు. పాత ఇనుము వాడు అక్కడికే వచ్చి పట్టుకుపోయాడు, మెకానిక్ ఖర్చులో సగం అలా తిరిగొచ్చింది.

సింహాచలాన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళి మళ్ళీ కాటా ఎక్కించాం. ఇంకా క్వింటాలు పైన తేడా వస్తోంది. సింహాచలం బుర్ర గోక్కున్నాడు. "ఇంకేటుందమ్మా ఇందులో? ఇంజినూ, మీరూ తప్ప ఏటీ నేదు."

మావయ్య దగ్గారు. "కేబిన్‌కీ తొట్టికీ మధ్యన రేకు కింద ఒక పెట్టె ఉన్నాది. అది సూడు."

మూత ఊడదీసి లోపలికి వంగి చూశాను. మా కొట్టులోని పాత తూకం రాళ్ళు. ఇరవై కేజీలవి, పదివి, అయిదువి, నూనె మడ్డితో నల్లగా నిగనిగలాడుతూ ఉన్నాయి. కరెంటు కాటా కొన్న రోజున మాయమైపోయాయి, అమ్మేశారనుకున్నాం అందరం.

"ఏటండి ఇవి మావయ్యా?"

"ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టినవమ్మా. పాత ఇనపోడికి ఎలాగ ఇచ్చీమంతావు? ఇంట్లో పెడితే మీ అత్త కాలికి తగుల్తన్నాయని తిడతాది. బండిలో అయితే నాతోపాటే తిరుగుతాయి కదాని..."

పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేసరికి ఆయన ముఖం చూసి మనసు కలుక్కుమంది. వాటిని అమ్మనివ్వలేదు. రిక్షాలో ఇంటికి పంపించి, కొట్టు అరుగు కింద వరసగా పేర్పించాను. మా అత్తగారు నిజంగానే తిట్టారు.

సంత రోజు తెల్లారకముందే సరుకు ఎక్కించాం. కిందటిసారి ఎంతో ఈసారీ అంతే, మావయ్య దగ్గరుండి తూయించారు. ఆమదాలవలస నుంచి పాలకొండకి గంట పైన పట్టింది. బజారులో మేం ఎప్పుడూ తినే పాక దగ్గర ఆపాను. ప్లేటు పూరీ, బొంబాయి చట్నీ ఇరవై రూపాయలు, చట్నీ ఎంత అడిగినా పోస్తుంది అక్కడి వంటామె పైడితల్లి. మూకుట్లోంచి పూరీ తీస్తూ బండిని ఎగాదిగా చూసింది.

"ఏటమ్మా, మీ బండి సన్నబడిపోనాది? తిండెట్టడం మానేసారేటి?"

"కొండెక్కాలి కదా అత్తా, పస్తుంచీసినాం" అన్నాను. పాకంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యలోనే గోవిందు స్కూటర్ మీద వచ్చాడు. "సాయంత్రం తాళాలు అట్టే పెట్టండి బాబూ, డబ్బు రెడీ" అని మావయ్యతో చెప్పి వెళ్ళిపోయాడు. నా పూరీ సగంలోనే ఉండిపోయింది.

పాలకొండ దాటాక కాసేపటికి కొండలు దగ్గరవుతాయి, గాలి చల్లబడుతుంది. ఘాట్ మొదట్లోనే రెండో గేరుకి దించి, తొందరపడకుండా ఒకే వేగంతో పోనిచ్చాను. మీరు కూడా అలాగే చేయండి, మధ్యలో గేరు మారిస్తే పట్టు పోతుంది. వేడి చూపించే ముల్లు సగం దాటలేదు. మావయ్య తలుపు పట్టుకుని ముందుకి వంగి కూర్చున్నారు, తనే తోస్తున్నట్టు. కిందటిసారి ఆగిపోయిన మలుపు రానే వచ్చింది. సరిగ్గా అక్కడే ఎదురుగా బస్సు దిగుతోంది. దారి ఇరుకు. బ్రేకు తొక్కక తప్పలేదు. నిలువెత్తు ఎక్కుడులో, నిండు బరువుతో ఆగిపోయాం. హ్యాండ్‌బ్రేకు లాగి పట్టుకున్నాను.

బస్సు వెళ్ళింది. మొదటి గేరు వేసి, క్లచ్ మెల్లగా వదులుతూ హ్యాండ్‌బ్రేకు దించాను. బండి ఒక్కసారి వణికింది. వెనక్కి జానెడు జారిందేమో కూడా. ఆ వెంటనే గట్టిగా ఊపిరి తీసుకుని కదిలింది. కదిలాక ఇంక ఆగలేదు. కొండ మీది చదును తగిలాక నేను గట్టిగా కేకేశాను, సిగ్గు లేకుండా.

"మధ్యలో ఆగిందండి మావయ్యా" అన్నాను భయంగానే.

"ఆగింది బస్సు కోసం. అది లెక్కలోకి రాదు. పోనీ, పోనీ, ఉల్లిపాయలకి జనం ఎదురు సూస్తంటారు."

ఆ రోజు సంతంత అందమైన సంత నేను చూడలేదు. ఉప్పూ ఉల్లీ మధ్యాహ్నం లోపే అయిపోయాయి. అనాసపళ్ళు రాశులు పోసుకుని కూర్చున్న కొండ గూడేల సవర ఆడవాళ్ళ దగ్గర బేరమాడి తొట్టి నింపాం. మీరు వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, మంచి పళ్ళు తొందరగా అయిపోతాయి.

సాయంత్రం పాలకొండలో గోవిందు తన షెడ్డు ముందు నిలబడే ఉన్నాడు. బండి చూశాడు, చుట్టూ తిరిగాడు, అడిగి ఒక చుట్టు నడిపి వచ్చాడు. దిగుతూనే "బాబూ, ముందన్న రేటు కాదు. ఇంకో పాతిక వేలు ఏసి ఇస్తాను" అన్నాడు. మావయ్య కళ్ళు మెరిశాయి. పుట్టు వ్యాపారి, మెరవకుండా ఎలా ఉంటాయి? పొద్దున గెలిచింది సాయంత్రం ఓడిపోతానేమోనని గోవిందు చేతిలోని తాళాలు వెనక్కి తీసేసుకున్నాను.

ఆయన నన్నొకసారి చూశారు. తర్వాత కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "బండి తోలేది మా కోడలు. బేరం ఆవిడతో ఆడు" అని చెప్పి, వెళ్ళి పక్క సీట్లో కూర్చుని తలుపేసుకున్నారు. మా ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన ఒక బేరాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం నేను చూడలేదు. "అమ్మటం నేదండి గోవిందు గారూ" అన్నాను.

ఇంటిదారిలో అనాసపళ్ళ వాసన కేబిన్ నిండా ఉంది. పాత బండికి బలం కావాలంటే ఏదో ఒకటి తగిలించాలనే అనుకుంటాం. మేం తగిలించినవి తక్కువ, దించినవే ఎక్కువ. ఇష్టంగా పెట్టుకున్నవి ఒక్కొక్కటే దించమని చెప్పడానికి పెద్దాయన మనసు ఎంత గట్టిపరుచుకున్నారో నాకు తెలుసు. చివరికి బేరం కూడా దించి నా చేతిలో పెట్టారు. ఇక మీకు చెప్పదలచిన చిట్కా ఒక్కటే: ఏ సామానూ కొనకముందు ఖాళీ బండిని కాటా వేయించండి, దానికయ్యేది టీ ఖర్చే. వెళ్ళేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని కూడా వెంట తీసుకెళ్ళండి, ఎక్కడ ఏం దాచారో వాళ్ళకే తెలుసు.